కీ జేబులోనే ఉంది, మరి కారు ఎందుకు అరుస్తోంది? పుష్ బటన్ కార్ల బీప్‌లను ఒక్కొక్కటిగా పట్టుకోవడం ఎలా

మొన్న వానాకాలంలో వరసగా మూడు రాత్రులు మా కారు సందు మొత్తాన్ని లేపింది. మాది పుష్ బటన్ కారు, అంటే కీ జేబులో ఉంటే చాలు, బటన్ నొక్కి స్టార్ట్ చేయడమే. ఒడిశా రాయగడలో మాది ఇరుకు సందు, కారును ఇంటి గోడకు ఆనించి పెట్టుకోవాల్సిందే. వాన జోరందుకోగానే 'పీప్' అనేది. ఒక నిమిషం ఆగి 'పీప్ పీప్'. ఇండికేటర్లు ఓసారి మిణుక్కుమనేవి. మళ్లీ మొదలు. మూడో రోజు పొద్దున ఎదురింటి ఒడియా మాస్టారు పాల ప్యాకెట్‌తో వస్తూ ఆగి, చక్కటి తెలుగులో అడిగారు: "ఏటండీ, మీ కారుకి నిద్ర పట్టడం లేదా?"

దొంగలేమో అనుకున్నాను. వైరింగ్ ఎలక కొరికిందేమో అనుకున్నాను. చివరికి గొడుగేసుకుని పది నిమిషాలు కారు పక్కనే నిలబడితే విషయం తెలిసింది. మా సన్‌షేడ్ మీంచి నీళ్లు ధార కట్టి, సరిగ్గా డ్రైవర్ డోరు హ్యాండిల్ మీద పడుతున్నాయి. అదే గోడకు లోపలి వైపు మేకుకి కీ వేలాడుతోంది. హ్యాండిల్‌లో చేతి స్పర్శ పసిగట్టే సెన్సర్ ఉంటుంది. ధార పడగానే ఎవరో చెయ్యి వేశారనుకుని, పక్కనే కీ ఉందేమో అని కారు వెతుకుతుంది. గోడ అవతల అడుగు దూరంలో దొరుకుతుంది. ఇంకేం, తాళం తీస్తుంది. ఎవరూ డోరు తెరవకపోయేసరికి కాసేపటికి తనే మళ్లీ వేసేస్తుంది. మేకు పీకి వంటింటి వైపు కొట్టాను. గోల ఆగిపోయింది.

ఇది రాయడానికి కారణం అదే. మా కారు కంపెనీకి ఇక్కడ సర్వీస్ సెంటర్ లేదు. చిన్న బీప్ కోసం విజయనగరం దాకా పోతే ఒక రోజు కూలీ, డీజిలు, పైగా వాళ్లు చేసే చెకింగ్ చార్జీ. అందులో చాలా బీప్‌లు ఇంటి దగ్గర పావుగంటలో తేలిపోయేవే. కారు దేని గురించి అడుగుతోందో కనిపెడితే చాలు.

కారూ కీ ఎలా మాట్లాడుకుంటాయి

ఇది కొంచెం తెలిస్తే సగం బీప్‌లకు కారణం మీకే తడుతుంది. కీలో ఉండేది మామూలు రిమోట్ ఒక్కటే కాదు. మీరు హ్యాండిల్ పట్టుకున్నా, స్టార్ట్ బటన్ నొక్కినా, కారులో దాచిపెట్టిన చిన్న యాంటెన్నాలు 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక సన్నటి పిలుపు పంపుతాయి. కీ అది విని నిద్ర లేచి, 433 మెగాహెర్ట్జ్ దగ్గర తన రహస్య సంకేతంతో జవాబిస్తుంది. కీ ఇచ్చే జవాబు చాలా దూరం పోతుంది, కానీ కారు వేసే పిలుపు మాత్రం మీటరు, మీటరున్నర దాటి పోదు. కావాలనే అలా పెట్టారు. కీ దగ్గర్లో ఉందా లేదా, లోపల ఉందా బయట ఉందా అని కారు తేల్చుకునేది ఆ చిన్న పరిధితోనే.

యాంటెన్నాలు మామూలుగా ముందు డోర్ల హ్యాండిళ్లలో, రెండు సీట్ల మధ్య, డిక్కీ దగ్గర ఉంటాయి. అంటే కారు లోపల కూడా కొన్ని గుడ్డి మూలలు మిగులుతాయి. డ్యాష్‌బోర్డు పైన అద్దానికి ఆనించి పెట్టిన కీ, డోరు జేబులో పడేసిన కీ, సీటు కిందకి జారిన కీ కొన్నిసార్లు కారుకు కనబడవు. మీ ఎదురుగానే ఉన్న కీని 'కీ లేదు' అంటూ కారు అరిస్తే ముందు దాన్ని సీట్ల మధ్య కప్పు పెట్టుకునే గుంటలో పెట్టి చూడండి. మా ఇంట్లో ఇప్పుడు అదే కీ స్థానం.

మొదటి పని: బీప్‌ను సరిగా వినడం

కాగితం, పెన్ను తీసుకోండి. ఫోన్‌లో వీడియో తీసినా సరే. బీప్ వచ్చినప్పుడు నాలుగు సంగతులు రాసుకోండి. శబ్దం లోపలి నుంచా, బయట నుంచా? ఒకసారా, మూడుసార్లా, ఆగకుండానా? ఆ క్షణంలో మీరేం చేస్తున్నారు? మీటరు బోర్డు మీద ఏ గుర్తు వెలిగింది లేదా ఏం రాసింది?

లోపల, బయట అన్న తేడా పెద్ద ఆధారం. చాలా కార్లలో లోపలి శబ్దం మీటరు బోర్డు నుంచి వస్తుంది, బయటి శబ్దానికి బంపర్ వెనకాలో బానెట్ కిందో వేరే బజర్ ఉంటుంది. డ్రైవర్ సీట్లో ఉన్నాడనుకుంటే కారు లోపల చెబుతుంది. దిగిపోయాడనుకుంటే బయట అరుస్తుంది. బయటి బజర్ మోగిందంటే దాదాపు ఎప్పుడూ దాని అర్థం, "నువ్వు వెళ్లిపోతున్నావు, ఇక్కడ ఏదో మిగిలిపోయింది" అని.

ఇంకో మాట. సెకండ్‌హ్యాండ్ కారైతే, పాత యజమాని యాక్సెసరీ షాపులో బిగించిన అలారం ఉందేమో చూడండి. దాని సైరన్ గొంతు వేరుగా, గరుగ్గా ఉంటుంది. కీ గుత్తికి కంపెనీది కాని రెండో రిమోట్ ఉంటే అదే గుర్తు. అలాంటి అలారానికి కింద రాసినవేవీ వర్తించవు. దాన్ని పెట్టినవాడి దగ్గరకో, మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకో తీసుకెళ్లి తీయించేయడం మేలు. వైర్లు కోసి టేపు చుట్టిన అతుకులే తర్వాత సవాలక్ష తంటాలు తెస్తాయి.

దిగేటప్పుడు వచ్చే బీప్‌లు

అందరినీ ఎక్కువ విసిగించేవి ఇవే కాబట్టి కాస్త నింపాదిగా చూద్దాం.

ఇంజిన్ నడుస్తుండగా కీ జేబులో పెట్టుకుని దిగితే, డోరు వేయగానే బయట మూడు నాలుగు బీప్‌లు వస్తాయి. లోపల ఎవరైనా ఉంటే వాళ్లకు కూడా 'కీ కనబడటం లేదు' అని చెబుతుంది. టిఫిన్ బండి దగ్గర ఏసీ వేసి, పిల్లలను లోపల ఉంచి, వడలు కట్టించుకోవడానికి దిగినప్పుడల్లా మాకు ఇదే. బజారంతా తిరిగి చూస్తుంది. దీనికి మందు సులువు: లోపల పెద్దవాళ్లు ఉంటే కీ వాళ్ల దగ్గరే ఉంచి దిగండి. లోపల పిల్లలు మాత్రమే ఉంటే ఇంజిన్ ఆపి, వాళ్లను కూడా దింపండి. కీ లోపల, పిల్లవాడి చేతికి అందేలా స్టార్ట్ బటన్! ఆ జతను నేను ఎప్పుడూ నమ్మను.

ఈ బీప్‌ను తేలిగ్గా తీసుకుని నేనొకసారి బుక్కయ్యాను. మా ఆవిడను రాయగడ స్టేషన్లో దించాను, రైలు టైమైపోతోంది. ఆవిడ దిగగానే కారు అరిచింది. ఇది ఎప్పుడూ అరుస్తూనే ఉంటుంది కదా అని పట్టించుకోలేదు. మీటరు మీద ఏదో రాసింది, అదీ చదవలేదు. తేరుబలి దగ్గర టీకి ఆగి ఇంజిన్ ఆపాను. మళ్లీ స్టార్ట్ చేయబోతే కారు ఉలకదు, పలకదు. కీ ఆవిడ హ్యాండ్‌బ్యాగులో విజయనగరం వెళుతోంది. ఫోన్ చేస్తే, "నాకేం తెలుసండీ, కారు అరిస్తే మీరు కదా చూసుకోవాలి" అంది. న్యాయమే. మా బావమరిది బీరువాలోంచి స్పేర్ కీ తీసి బైకు మీద తెచ్చేదాకా ఆ టీ కొట్టు బల్ల మీదే కూర్చున్నాను.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఇది: చాలా కార్లలో కీ దూరమైనా నడుస్తున్న ఇంజిన్ ఆగదు. దారి మధ్యలో ఆగితే ప్రమాదం కాబట్టి అలా పెట్టారు. కానీ ఒకసారి మీరు ఆపితే కీ లేకుండా మళ్లీ స్టార్ట్ కాదు. నడుస్తుండగా 'కీ లేదు' అని వస్తే ఎక్కడా ఇంజిన్ ఆపకుండా కీ దగ్గరకే వెళ్లండి.

రెండోది, తాళం వేయబోతే పొడుగ్గా ఒక బీప్ వచ్చి, తాళం పడకపోవడం. దీనికి కారణాలు మూడే: కీ లోపల మరిచిపోయారు, ఏదో ఒక డోరు సరిగా పడలేదు, లేదా ఇగ్నిషన్ పూర్తిగా ఆఫ్ కాలేదు. మా వీధి చివర గ్యారేజీలో పనిచేసే ఒడియా కుర్రాడు ఏ కారు అరిచినా ముందు అడిగేది ఒక్కటే: "చాబి భితరే అఛి కి?" కీ లోపలుందా అని. పదిలో చాలాసార్లు ఉంటుంది కూడా. కాకపోతే అది మీ కీ కాకపోవచ్చు. డ్యాష్‌బోర్డు అరలో స్పేర్ కీ పెట్టుకుని తిరిగేవాళ్లు ఉన్నారు. ఆ స్పేర్ లోపల ఉన్నంతకాలం ఈ గోల తప్పదు. దాన్ని ఇంట్లో పెట్టండి.

ఇగ్నిషన్ పూర్తిగా ఆఫ్ కాకపోవడం ఆటోమేటిక్ కార్లలో ఎక్కువ. గేరు 'పీ' (పార్కింగ్)లో పెట్టకుండా బటన్ నొక్కితే ఇంజిన్ ఆగుతుంది కానీ కరెంటు పోదు. కారు తాళం వేయనివ్వదు, అరుస్తూనే ఉంటుంది. గేరు 'పీ'లోకి తోసి బటన్ ఇంకోసారి నొక్కండి. ఏఎంటీ కార్లలో, అంటే మాన్యువల్ గేరుబాక్సే ఉండి క్లచ్, గేరు పని కారే చూసుకునేవాటిలో, చాలావాటికి 'పీ' ఉండదు, వాటి పద్ధతి వేరు, మీ కారు పుస్తకం చూడాలి. మాన్యువల్ గేరు కారైతే, క్లచ్ తొక్కకుండా బటన్‌ను ఎన్నిసార్లు నొక్కారో లెక్క తప్పితే ఇదే జరుగుతుంది. పెడల్ తొక్కకుండా నొక్కుతూ పోతే ఒకసారికి పాటలు, రెండోసారికి మొత్తం కరెంటు, మూడోసారికి ఆఫ్. మధ్యలో వదిలేసి దిగితే బీప్. మీటరు బోర్డు మొత్తం చీకటైందో లేదో ఒకసారి చూసి దిగడం అలవాటు చేసుకోండి.

మూడోది, ఇంజిన్ ఆగిందని మీరనుకుంటారు, కానీ ఆగలేదు. సిగ్నల్ దగ్గర తనే ఆగి తనే స్టార్టయ్యే కార్లు, హైబ్రిడ్‌లు, ఎలక్ట్రిక్ కార్లు ఇప్పుడు మా ఊళ్లోకీ వచ్చాయి. చప్పుడు లేదు కదా అని దిగిపోతే, అవి ఏ క్షణానైనా కదిలే స్థితిలోనే ఉంటాయి. ఈ బీప్‌ను విసుగనుకోకండి. అమెరికాలో ఇలాగే పుష్ బటన్ కార్లను ఆపకుండా ఇంటిని ఆనుకున్న గ్యారేజీలో వదిలేసి, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరి జనం నిద్రలోనే పోయారు. 2006 నుంచి రెండు డజన్లకు పైగా మరణాలను న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2018లో బయటపెట్టింది. తర్వాత 2021లో అక్కడ, వదిలేసిన ఇంజిన్ తనంతట తానే ఆగిపోయేలా నిబంధన తేవాలని చట్టంలో రాశారు. మన దగ్గర కార్లు ఎక్కువగా బయటే ఉంటాయి కాబట్టి అంత భయం లేదు. కానీ షట్టర్ వేసిన షెడ్డు పైనే పడకగది ఉన్న ఇళ్లు జయపురంలోనూ బరంపురంలోనూ కొత్తగా చాలా కడుతున్నారు.

స్టార్ట్ చేసేటప్పుడు

బటన్ నొక్కితే స్టార్ట్ కాకుండా బీప్ వస్తే ముందు కాలి కింద చూడండి. ఈమధ్య మూడు పొరల మందపాటి మ్యాట్లు వేయించుకుంటున్నారు. అవి ముందుకు జరిగి క్లచ్ పెడల్‌ను చివరిదాకా పోనివ్వవు. పెడల్ అడుగున స్విచ్ నొక్కుకోదు, కారు వినదు. మ్యాటు వెనక్కి లాగి తొక్కి చూడండి. దీన్ని స్టార్టర్ మోటారు జబ్బు అనుకుని ఖర్చు పెట్టుకున్నవాళ్లను చూశాను.

స్టీరింగ్ లాక్ ఊడలేదని వస్తే ఒక చేత్తో స్టీరింగ్‌ను అటూ ఇటూ మెల్లగా కదుపుతూ ఇంకో చేత్తో బటన్ నొక్కండి. చక్రం ఏ రాయికో ఆని బిగుసుకున్నప్పుడు ఇలా అవుతుంది. అంతే.

'కీ లేదు' అని వస్తే సెల్లు సంగతికి రండి.

కీలో సెల్లు మార్చడం

పుష్ బటన్ బీప్‌లలో ఎక్కువ వాటా దీనిదే. సెల్లు పూర్తిగా చచ్చిపోయినప్పుడు కాదు, నీరసపడినప్పుడే గోల ఎక్కువ. ఒకసారి కనబడుతుంది, ఒకసారి కనబడదు. పొద్దున చలికి అస్సలు పలకదు, మధ్యాహ్నం బాగానే ఉంటుంది. డిసెంబరులో కోరాపుట్ వైపు ఘాట్ రోడ్డెక్కితే ఇది బాగా తెలుస్తుంది, చలికి ఈ సెల్లుల సత్తువ తగ్గుతుంది.

కొనే ముందు పాతది విప్పి నంబరు చూడండి. ఎక్కువ కీలలో సీఆర్2032 ఉంటుంది, కొన్నిట్లో సీఆర్2025 లేదా సీఆర్2450. ఆ నంబరే దాని కొలత. 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. 2025 అయితే అదే వెడల్పు, మందం 2.5. అందుకే 2032 చోట 2025 పట్టినట్టే పడుతుంది కానీ వదులుగా ఉండి గతుకుల్లో వదిలేస్తుంది. షాపువాడు "ఒకటేలే సార్" అన్నా తీసుకోకండి. వాచీ షాపులో, ఫ్యాన్సీ షాపులో దొరికేవాటి వెనక గడువు తేదీ చూసి, పేరున్న కంపెనీది తీసుకోండి.

విప్పడం ఇలా. కీ పక్కన చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కి పట్టి లాగితే సన్నటి మామూలు తాళం చెవి బయటికి వస్తుంది. సెల్లు చచ్చినప్పుడు డోరు తీయడానికి ఇదే దిక్కు కాబట్టి ఇది ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. తాళం వచ్చిన గాడిలో లోపల చిన్న సందు కనబడుతుంది. చదునైన స్క్రూడ్రైవర్ కొనకు పాత బనియన్ గుడ్డ చుట్టి ఆ సందులో పెట్టి తిప్పండి. గుడ్డ లేకపోతే ప్లాస్టిక్ మీద గాటు పడుతుంది. 'టిక్' మని రెండు చిప్పలు విడిపోతాయి. హడావిడిగా పీకకండి, లోపలి రబ్బరు బటన్లు జారి నేల మీద పడతాయి. నా కీలో ఒకటి సోఫా కిందకి పోయి రెండు రోజులు దొరకలేదు.

పాత సెల్లు ఏ వైపు పైకి ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకుని, దాన్ని గోరుతోనో అగ్గిపుల్లతోనో ఎత్తండి. ఇనప వస్తువుతో పొడిస్తే పట్టుకునే రేకులు వంగిపోతాయి. కొత్త సెల్లును అంచులు పట్టుకుని పెట్టండి. వేళ్ల జిడ్డు రెండు ముఖాల మీదా అంటితే స్పర్శ సరిగా ఉండదు. అంటితే పొడిగుడ్డతో తుడవండి. వోల్టులు కొలిచే మల్టీమీటరు ఉంటే కొత్త సెల్లు 3 వోల్టులకు కాస్త పైనే చూపిస్తుంది. పాతది 2.8 దగ్గరికి దిగిందంటే దాని పని అయిపోయినట్టే. చిప్పలు కలిపి నలువైపులా నొక్కండి, చుట్టూ సందు లేకుండా మూసుకోవాలి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. పాత సెల్లు బల్ల మీద వదలకండి. పసిపిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. మింగిందని అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రెండు ముఖాలకూ సెలో టేపు అంటించి, పిల్లలకు అందనంత ఎత్తులో డబ్బాలో పడేసి, ఎలక్ట్రానిక్ చెత్తకు ఇవ్వండి.

దారిలో సెల్లు పూర్తిగా చచ్చిపోతే? కీలోంచి లాగే ఆ సన్నటి తాళం చెవితో డోరు తీయండి. ఆ డోరు తీయగానే అలారం మోగే కార్లూ ఉన్నాయి, కంగారుపడకండి. బ్రేకు, మాన్యువల్ అయితే క్లచ్ తొక్కి, కీని స్టార్ట్ బటన్‌కే ఆనించి బటన్ నొక్కండి. కీలో సెల్లు అక్కర్లేని ఒక చిన్న చిప్ కూడా ఉంటుంది. కారు తన కరెంటుతోనే దాన్ని చదువుకుంటుంది. కొన్ని కార్లలో బటన్ దగ్గర కాకుండా కీ పెట్టడానికి వేరే చోటు ఉంటుంది. అది పుస్తకంలో చూసి ముందే ఒకసారి ప్రయత్నించండి. పాచిపెంట దాటాక చీకట్లో వెతుక్కునే పని కాదది.

సెల్లు కొత్తదే, అయినా అరుస్తుంటే

జేబులో కీతో పాటు ఏముందో చూడండి. ఫోన్ పక్కనే ఉన్నా, వైర్‌లెస్ చార్జర్ పలక మీద పెట్టినా కీకి కారు పిలుపు వినబడకపోవచ్చు. మా అత్తయ్యగారి బ్యాగులో కీ వేస్తే ఎప్పుడూ పలికేది కాదు, ఎందుకా అని చూస్తే స్టీలు వక్కల డబ్బాకీ చిల్లర సంచికీ మధ్య ఇరుక్కుని ఉంది. ఇనుము, రేకు, చాక్లెట్ చుట్టిన రేకు కాగితం కూడా అడ్డమే. పెద్ద విద్యుత్ సబ్‌స్టేషన్ పక్కన, రేడియో టవర్ కింద, పెద్ద ఇన్వర్టర్ల దగ్గర కూడా తడబడుతుంది. అక్కడి నుంచి కదిలితే సర్దుకుంటుంది.

రెండో కీతో కూడా ప్రయత్నించండి. రెండో కీకి బాగుంటే తప్పు మొదటి కీది. రెండిటికీ అదే గోలైతే కారు వైపు చూడాలి.

కీ కారుకు మరీ దగ్గరగా ఉన్నా ఇబ్బందే. మా మేకు కథ విన్నారు కదా. అలా ఉంటే ఇద్దరూ పదే పదే పలకరించుకుంటూ రెండు వైపులా బ్యాటరీ తినేస్తాయి కూడా. రాత్రిపూట కీ కారుకు మూడు నాలుగు మీటర్ల అవతల ఉండాలి. కారు కడిగేటప్పుడు కూడా కీ ఇంట్లోనే ఉంచండి. పైపు నీళ్లు హ్యాండిల్ మీద పడ్డప్పుడల్లా తాళం పడుతూ ఊడుతూ ఉంటుంది.

డోరు పడింది, కానీ పడలేదంటోంది

మా వైపు ఎర్రమట్టి దుమ్ము సంగతి తెలిసిందే. డోరు తాళం కొక్కెంలో ఒక చిన్న స్విచ్ ఉంటుంది. దుమ్ము, పాత గ్రీజు గట్టిపడితే డోరు మూసినా అది కదలదు. నడుస్తుంటే గతుకు వచ్చినప్పుడల్లా బీప్, తాళం వేస్తే వేయలేనని బీప్.

ఏ డోరో తేల్చడానికి ఇలా చేయండి. డోరు తెరిచి, దాని అంచున ఉన్న కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో డోరు మూసినట్టుగా లోపలికి నొక్కండి. 'టక్ టక్' అని రెండు మెట్లలో మూసుకుంటుంది. మీటరు మీద ఆ డోరు గుర్తు ఆరితే స్విచ్ బాగుంది. ఆరకపోతే దొంగ దొరికాడు. చూశాక డోరు వేసే ముందు హ్యాండిల్ లాగి కొక్కెం మళ్లీ తెరవడం మరవకండి. మూసిన కొక్కేనికి డోరు వేసి కొడితే పెయింటు, లాక్ రెండూ పోతాయి. నాలుగు డోర్లు, డిక్కీ, బానెట్ అన్నీ చూడండి. బానెట్ స్విచ్ చాలామందికి గుర్తుండదు.

కొక్కెంలో సన్నగా లూబ్రికెంట్ స్ప్రే కొట్టి, పది పదిహేనుసార్లు నొక్కి విడిచి, కారిన మడ్డి తుడిచి, చివర కాస్త తెల్ల గ్రీజు రాయండి. చాలావరకు ఇంతటితో పోతుంది. పోకపోతే లాక్ మార్చాలి.

అసలు బ్యాటరీ

నాలుగైదు రకాల హెచ్చరికలు ఒకేసారి వెలిగి, రోజుకో కొత్త బీప్ వస్తుంటే అనుమానం బానెట్ కింది 12 వోల్టుల బ్యాటరీ మీదకి పోవాలి. రాత్రంతా ఆగిన కారులో పొద్దున్నే కొలిస్తే 12.6 చుట్టుపక్కల ఉండాలి. 12కి దిగితే ఖాళీ అయినట్టే. ఇంజిన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. లేకపోతే చార్జింగే సరిగా లేదు. టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటే తీసి శుభ్రం చేయించండి. బ్యాటరీ తీసేటప్పుడు ముందు నెగటివ్, పెట్టేటప్పుడు చివర నెగటివ్. తీసి పెట్టాక గడియారం, అద్దాల ఆటో పనితనం మళ్లీ సెట్ చేసుకోవాల్సి రావొచ్చు.

సెట్టింగుల్లో తగ్గించదగ్గవి

అన్నీ సరిగ్గా ఉండి, శబ్దమే ఎక్కువనిపిస్తే సెట్టింగులు. స్క్రీన్ ఉన్న కార్లలో వెహికల్ సెట్టింగులు, అందులో లాకింగ్, సౌండ్ అనే చోట వెతకండి. తాళం వేసినప్పుడు వచ్చే బీప్‌ను నేను నిశ్చింతగా ఆపేశాను, ఇండికేటర్లు మెరుస్తాయి కదా, అది చాలు. రివర్స్ సెన్సర్ వాల్యూమ్, టచ్ స్క్రీన్ టిక్కులు తగ్గించుకోవచ్చు. కొన్నిట్లో స్క్రీన్లో కనబడని సెట్టింగులు సర్వీస్ సెంటర్ కంప్యూటర్‌తో మారతాయి. సర్వీసుకి వెళ్లినప్పుడు అడగండి, ప్రత్యేకంగా దానికోసం వెళ్లకండి. ఆన్‌లైన్లో కొన్న చిన్న పరికరం గుచ్చి ఫోన్ యాప్‌తో కోడింగ్ మార్చే ప్రయోగం వారంటీలో ఉన్న కారు మీద వద్దు.

రివర్స్ సెన్సర్ ఏమీ లేకుండానే ఆగకుండా మోగుతుంటే, దాని మీద బురద ఉంటుంది. తడిగుడ్డతో తుడవండి.

వైరు కోయమనేవాళ్లు దొరుకుతారు. మీటరు బోర్డు నుంచి వచ్చే శబ్దాన్ని చంపితే దానితో పాటు ఇండికేటర్ టిక్ టిక్, హ్యాండ్‌బ్రేకు బీప్, ఇంజిన్ వేడెక్కిందన్న బీప్ కూడా పోతాయి. చాలా కార్లలో అన్నిటికీ గొంతు ఒక్కటే.

ముట్టుకోకూడనివి రెండు

2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నిటిలో స్పీడు హెచ్చరిక తప్పనిసరి. 80 కిలోమీటర్లు దాటితే నిమిషానికోసారి, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళం వైపు పెద్ద రోడ్డెక్కాక దీని పాట మొదలవుతుంది. రిపేరు కాదు, సెట్టింగూ లేదు. 79లో వెళ్లడమే.

రెండోది సీటు బెల్టు బీప్, అదీ ఆ తేదీ నుంచే డ్రైవరుకూ పక్క సీటుకూ తప్పనిసరి. పక్క సీట్లో కూరగాయల సంచో, సిమెంటు బస్తాయో పెడితే సెన్సర్ దాన్ని మనిషి అనుకుంటుంది. సంచిని వెనక కాళ్ల దగ్గర పెట్టండి, లేదా ఆ బెల్టు పెట్టేయండి. మనిషి కూర్చుని, బెల్టుకు బదులు దొంగ క్లిప్ గుచ్చడం మాత్రం వద్దు. బీప్ ఆపే ఆ క్లిప్పుల అమ్మకం ఆపమని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023లో ఐదు ఆన్‌లైన్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది. బెల్టు లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, ఒడిశాలో ఆపినా ఆంధ్రాలో ఆపినా ఒకటే.

ఇవన్నీ అయ్యాక కూడా మిగిలిన బీప్ ఉంటే సర్వీస్ సెంటర్‌కే. వాళ్ల ముందు కారు అరవదు, అది ఖాయం. అందుకే మీరు రాసుకున్న కాగితం, ఫోన్ వీడియో పట్టుకెళ్లండి. 'అప్పుడప్పుడు మోగుతుంది' అంటే వాళ్లు కడిగి ఇచ్చేస్తారు. 'పొద్దున మొదటిసారి, డ్రైవర్ డోరు మూశాక, బయట మూడుసార్లు' అంటే వెతకడానికి ఒక చోటు దొరుకుతుంది. వాళ్ల కంప్యూటర్‌తో స్కాన్ చేయించి, వచ్చిన లోపాల కోడ్‌ల కాపీ అడగండి. రెండు కీలూ తీసుకెళ్లండి. నేను ఒక్కటే పట్టుకెళితే, రెండోది కూడా ఉంటేనే కీలు మళ్లీ నమోదు చేయగలమన్నారు. అది రాయగడలో వంటింటి మేకుకి ఉంది.